భిక్షపతి కాక ఎడమ కన్ను

దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డులన్నీ చేత్తో రాసే కాలం ఒకటుండేది. బస్టాపు దగ్గర దిగి చైతన్యపురి దాకా నడిస్తే టైపు ఇన్‌స్టిట్యూట్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చీరల దుకాణాలు, మెస్సులు, అన్నిటి మీదా రంగు అక్షరాలే. వాటిలో సగం ఒక్క మనిషి రాసినవేనని మా నాన్న చెబితే చిన్నప్పుడు నమ్మేదాన్ని కాదు. పెద్దయ్యాక గుర్తుపట్టడం నాకే వచ్చేసింది. 'ర' పొట్ట కాస్త ముందుకు వచ్చి ఉండేది. తలకట్టు చివర చిన్న విరుపు. అది కనపడిందంటే భిక్షపతి కాక చెయ్యే.

మాది తణుకు పక్కన పల్లెటూరు. నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదే మా నాన్న పట్టాభి, అమ్మ అమ్మాజీ నన్ను తీసుకుని హైదరాబాదు వచ్చేశారు. చైతన్యపురిలో ఒక ఇంటి కింది భాగం కిరాయికి తీసుకుని మెస్సు పెట్టారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చిన కుర్రాళ్ళు ఆ సందుల్లో ఒక్కో గదిలో ఐదారుగురు చొప్పున ఉండేవారు. మధ్యాహ్నం అయ్యేసరికి మా గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి.

మెస్సుకు బోర్డు కావాలంటే ఎవరో భిక్షపతిని పంపారు. సన్నటి పొడుగాటి మనిషి. చెవి వెనక పెన్సిలు. చొక్కా అసలు రంగేమిటో చెప్పడం కష్టం.

"రంగుతో రాస్తే ఎండకు ఎలుస్తది సారూ," అన్నాడు గోడ వంక చూస్తూ. "ఇనుప రేకు కోసి అక్షరాలు చేస్త. పలక మీద పెట్టి రివిట్లు కొడ్త. గాలికి ఊడదు, వానకు కరగదు."

"గోదావరి ఆంధ్రా మెస్ అని రావాలయ్యా. దూరం నుంచి కనపడాలి," అన్నాడు నాన్న.

"బస్సుల కూసున్నోనికి గూడ కనబడ్తది. మీరు పరేషాన్ గాకుండ్రి."

మా మెట్ల మీదే కూర్చుని కత్తెరతో రేకు కోశాడు. ఇనుము కూడా కాగితంలా తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. బడి నుంచి రాగానే పలక పక్కన పడేసి ఆయన దగ్గర కూర్చునేదాన్ని. "బాబాయ్, ఇదేం అక్షరం?" అని అడిగితే నవ్వాడు.

"మా దిక్కు కాకా అంటరు బిడ్డా."

ఆ రోజు నుంచి ఆయన భిక్షపతి కాక. వాళ్ళావిడ ఎల్లమ్మ నాకు చిన్నమ్మ. మా ఇంట్లో ఎవరూ వాడని ఆ పిలుపులు నా నోట్లో అలా స్థిరపడిపోయాయి.

కాకది యాచారం దగ్గర ఊరు. చదువు ప్రాథమిక బడితోనే ఆగిపోయింది. పొలం లేదు. పనికోసం వచ్చి మలక్‌పేటలో సినిమా బ్యానర్లు గీసే ఒకాయన దగ్గర రంగులు కలపడానికి చేరాడు. హీరోల మొహాలు గీయడం తనకు రాలేదట. "నేను గీస్తె హీరో గూడ విలన్ లెక్క ఉండె," అని తనే చెప్పుకుని నవ్వేవాడు. కానీ బ్యానరు కింద పేర్లు రాసే పని ఇచ్చినప్పుడు చెయ్యి నిలబడింది. ఇక మొహాల జోలికి పోలేదు. అక్షరాల మీదే బతికాడు. ఎల్లమ్మ చిన్నమ్మ కొత్తపేట పండ్ల మార్కెట్లో మామిడికాయలు, బత్తాయిలు ఏరే పనికి వెళ్ళేది. కర్మన్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. పిల్లలు లేరు. పండగ రోజుల్లో మా ఇంటికి వచ్చేవారు. చిన్నమ్మ కొంగులో ఎప్పుడూ ఒక పండు ఉండేది నాకోసం.

ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి ఫొటోతో సహా బోర్డు చేతికొచ్చేది. కాకకు పని తగ్గిపోయింది. బళ్ళ నంబరు ప్లేట్లు, బడి గోడల మీద సూక్తులు, ఆటోల వెనక పేర్లు, ఇలా ఏది దొరికితే అది రాసేవాడు. సైకిలు హ్యాండిలుకు రంగు డబ్బాలు తగిలించుకుని ఎల్‌బీ నగర్ వైపు నెమ్మదిగా తొక్కుకుంటూ పోవడం కాలేజీ బస్సులోంచి చూసేదాన్ని.

నేను కళ్ళ పరీక్షల కోర్సు చదివి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక ఒక చిన్న కంటి ఆసుపత్రిలో చేరాను. అక్కడ పెద్ద డాక్టరు సూర్యప్రభ గారు. నా పని కంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ తీయడం. కడుపులో బిడ్డను చూసే స్కాన్ అందరికీ తెలుసు. కంటికి కూడా అలాంటిదే ఒకటుందని చాలామందికి తెలియదు. కంటి ముందు భాగం మసకబారి డాక్టరు దీపం లోపలికి చేరనప్పుడు ఈ స్కానే దారి. మూసిన రెప్ప మీద జెల్లు రాసి, పెన్ను లాంటి దాన్ని మెల్లగా ఆనిస్తే శబ్దం లోపలికి వెళ్ళి తిరిగొస్తుంది. అది తెర మీద బొమ్మవుతుంది. "శబ్దంతోని సూసుడా? ఇదేం ఇచ్చంత్రం!" అని కాక ఒకసారి మెస్సులో అందరి ముందూ ఆశ్చర్యపోయాడు.

అంతలో ఉద్యమం వచ్చింది. కాకకు మళ్ళీ చేతినిండా పని. గోడల మీద 'జై తెలంగాణ', దీక్షా శిబిరాల వెనక గుడ్డ బ్యానర్లు, బళ్ళ మీద ఏపీ చెరిపేసి టీజీ. ఫ్లెక్సీ కొట్టించేంత తీరిక లేని చోట కుంచె కావాల్సి వచ్చింది. ఆయనకది పని మాత్రమే కాదు. రాసేటప్పుడు పెదాలు కదిపేవాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తా శిబిరంలో సాయంత్రాలు కూర్చుని పాటలకు చప్పట్లు కొట్టేవాడు.

రాష్ట్రం గురించి ఆయనకూ మా నాన్నకూ టీ తాగుతూ వాదన నడిచేది.

"విడిపోతే మేమెక్కడికి పోవాలయ్యా భిక్షపతీ?"

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు సారూ? మా రాష్ట్రం మాకు గావాలె అన్నం గని, మీ మెస్సు ఎత్తెయ్యమన్నమా?"

"అందరూ నీలాగే అంటారా?"

"అందరి సంగతి నాకేం తెలుసు? నా సంగతి నేను జెప్తున్న."

వాదన తెగేది కాదు, టీ మాత్రం అయిపోయేది. హైవే మీద వంటావార్పు పెట్టిన రోజు అన్నం వండటానికి పెద్ద గుండిగలు కావాలని కాక వస్తే నాన్న మూడు గుండిగలు, గరిటెలు వ్యానెక్కించాడు. సాయంత్రం అవి తోమి తిరిగొచ్చాయి. ఒకదాంట్లో మాకోసం పులిహోర ఉంది. అమ్మ అది రుచి చూసి, "ఇంగువ తగ్గింది," అంది. అని మళ్ళీ పెట్టించుకుంది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక వీధుల తీరు మారింది. బస్సులు లేవు. బడులు మూసేశారు. బొగ్గు లేక కరెంటు గంటలకు గంటలు పోయేది. కొన్ని దుకాణాల మీద 'ఆంధ్రా' అన్న మాట కనపడకుండా కాగితాలు అంటించారు, కొందరు గుడ్డ కప్పారు. మా బోర్డు మాత్రం ఇనుప అక్షరాలతో అలాగే మెరుస్తూ ఉండేది.

"జర కొన్ని దినాలు తీద్దాం సారూ," అన్నాడు కాక. "ఎవడన్న తాగినోడు రాయేస్తే లోపల పిల్లలు తింటుంటరు."

"ఇన్నేళ్ళు ఉన్న పేరు ఇప్పుడెందుకు తియ్యాలి? నేనేం తప్పు చేశాను?" అన్నాడు నాన్న. మాట గట్టిగా వచ్చింది.

రెండు రోజుల తర్వాత నాన్న కూరగాయలకని వెళ్ళి వచ్చేసరికి బోర్డు మీద 'గోదావరి', 'మెస్' మాత్రమే ఉన్నాయి. నడుమ ఖాళీ. ఇనుప అక్షరాలు గోనెపట్టలో చుట్టి, లోపల బియ్యం బస్తాల పక్కన భద్రంగా పెట్టి ఉన్నాయి. ఎవరు చేశారో అడగనక్కర్లేదు. నాన్న ఆ పూట కాకకు ఫోను చెయ్యలేదు. కోపం వచ్చిందో, మనసు ఊరట పడిందో ఆయనకే తెలియలేదనుకుంటాను.

ఆ మరుసటి రోజు ఎల్లమ్మ చిన్నమ్మ కర్మన్‌ఘాట్ నుంచి నడిచి మెస్సుకు వచ్చింది. చెమటతో మొహం తడిసిపోయి ఉంది.

"పట్టాభి సారూ, ఆయనకు కన్ను మస్తు నొస్తున్నది. నిన్నటి సంది పండుకుంటలేడు. దవాఖానకు పోదామంటే బంద్ ఉంది, ఎట్ల పోతమంటడు. మందుల దుకాణంల చుక్కలు తెచ్చి ఏసిన. తగ్గుతలేదు. జర మీరొచ్చి చెప్పండ్రి."

నాన్న మెస్సు సామాన్లకు వాడే వ్యాను తీశాడు. సందుల్లోంచి తిప్పి కాకను మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నేను అప్పుడు డాక్టరు గదిలో ఉన్నాను. కాక ఎడమ కంటిని తువాలుతో కప్పుకుని, చిన్నమ్మ భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. తువాలు తీశాడు. రెప్ప ఉబ్బింది. తెల్లగుడ్డు ఎర్రబడింది. నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టుంది. దాని వెనక, కింది భాగంలో, తెల్లటి చీము ఒక గీతలా నిలిచి ఉంది.

సూర్యప్రభ మేడమ్ చాలాసేపు చూశారు. "ఏం పడింది కంట్లో?" అని అడిగారు.

"దుమ్ము మేడమ్. గాలికి దుమ్ము పడ్డది."

"వేళ్ళు కనపడుతున్నాయా?"

"లేదు మేడమ్. ఎలుగు తెలుస్తున్నది, గంతే."

మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "కంట్లోకి ఇన్ఫెక్షన్ పాకింది మృదులా. నల్లగుడ్డు అంచున సన్నగా గాటు ఉంది. దుమ్ముకి అలా తెగదు. ఆ గాటు మూసుకునే ఉంది కాబట్టి స్కాన్ చెయ్యొచ్చు. కానీ ఏమాత్రం నొక్కకు. లోపల రెటీనా నిలిచి ఉందో లేదో నాకు తెలియాలి."

కరెంటు లేదు. స్కాన్ గదికి బ్యాటరీ ఉంది కాబట్టి యంత్రం నడుస్తుంది కానీ ఫ్యాను నడవదు. చిన్నమ్మ పక్కన నిలబడి కొంగుతో విసురుతోంది. నాన్న తలుపు బయట బెంచీ మీద ఉన్నాడు. కాకను బల్ల మీద పడుకోబెట్టి, రెప్ప మూయించి, జెల్లు బాగా దట్టంగా వేశాను. చెయ్యి బరువు కంటి మీద పడకుండా నా చిటికెన వేలు ఆయన బుగ్గ మీద ఆనించాను. ఆ బుగ్గ కాలిపోతోంది.

బాగున్న కన్ను తెర మీద నల్లగా ఉంటుంది. లోపలంతా తేటగా ఉంటుంది కాబట్టి శబ్దాన్ని వెనక్కి కొట్టేది ఏదీ ఉండదు. కాక కంట్లో ఆ నలుపు లేదు. నీళ్ళలో మజ్జిగ పోసి కదిపినట్టు తెల్లటి మచ్చలు, తెరలు. "కాకా, కన్ను అటు తిప్పు. ఇప్పుడు ఇటు," అంటే అవన్నీ నెమ్మదిగా కొట్టుకుపోయి మళ్ళీ సర్దుకునేవి. అది చీమే. నేను భయపడింది దాని వెనక ఏముంటుందోనని. రెటీనా ఊడితే లోపల తెల్లటి గీత ఒకటి గాలిపటం తోకలా లేచి కనపడుతుంది. వెతికాను. పైన, కింద, పక్కల. లేవలేదు. కంటి వెనక గోడకు అంటుకునే ఉంది.

అప్పుడే కింది వైపున ఒక చుక్క కనపడింది. మిగతా తెలుపు కంటే ఎక్కువ తెలుపు. యంత్రంలో శబ్దం తిరిగొచ్చే బలం తగ్గిస్తూ పోతే చీము తెరలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆ చుక్క మాత్రం పోలేదు. దాని వెనక సన్నగా నీడ పడుతోంది. మెత్తనిది ఏదైనా అయితే అలా మెరవదు, లోహమే అయి ఉండాలి.

చేతిలోది పక్కన పెట్టి జెల్లు తుడిచాను.

"కాకా, కంట్లో ఇనుము ఉంది. ఎక్కడిది?"

చిన్నమ్మ విసరడం ఆపింది.

"దుమ్మని మేడమ్‌కి చెప్పావు. నిజం చెప్పకపోతే వైద్యం ఎలా చేస్తారు? చెప్పు కాకా."

"మీ నాయిన యాడున్నడు?"

"బయట."

"జర తలుపెయ్యి బిడ్డా." గొంతు తగ్గించాడు. "బోర్డు తీస్తుంటె రివిట్ గట్టిగున్నది. ఉలి పెట్టి సుత్తితోని కొట్టిన. టక్కుమని ఏదో కంట్ల కొట్టింది. నీళ్ళు కొట్టుకున్న. కొంచెంసేపు మంట, తర్వాత ఏం లేదు. ఏమున్నదిలే అనుకున్న. మీ నాయినకు చెప్పకు. ఆయన వద్దన్నడు. వద్దన్న పని చేసి కన్ను పోగొట్టుకున్నడని ఆయన మనసుల పెట్టుకుంటడు. అన్నం గూడ తినడు ఇగ."

చిన్నమ్మ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తనకూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

మేడమ్‌కి చెప్పక తప్పదు. ఎక్స్‌రే తీయిస్తే అందులోనూ చుక్క తేలింది. మేడమ్ స్కాన్ బొమ్మను దీపం ముందు పెట్టుకుని, "రెటీనా ఇంకా నిలిచి ఉంది. అంటే మనకు అవకాశం ఉంది. ఇక్కడ కాదు, లోపలి ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. డాక్టర్ మల్లికార్జునరావు గారికి నేను ఫోన్ చేస్తాను. రేపు అంటే ఆలస్యమే," అన్నారు. ఆ ఆసుపత్రి ఊరికి అవతలి చివర ఉంది. మధ్యలో మలక్‌పేట, చాదర్‌ఘాట్. ఆ రోజు రాస్తారోకో.

నేను బయటికి వచ్చి నాన్నతో కంట్లో ఇనుప రవ్వ ఉందన్నాను. అంతే అన్నాను. నాన్న రెండు క్షణాలు నా మొహం చూశాడు. తరవాత లేచి నేరుగా లోపలికి వెళ్ళాడు.

"ఎవడు తియ్యమన్నాడయ్యా నిన్ను? వద్దన్నానా లేదా?" అరిచాడు. మా నాన్న ఆసుపత్రిలో అరవడం అదొక్కసారే. "తీయాలనుకుంటే ఎవరో వచ్చి తీసేవారు. నీకెందుకు? నీకెందుకయ్యా ఆ పని?"

కాక కుడి కన్ను తెరిచి ఆయన్ని చూశాడు.

"రాసినోణ్ణి నేను సారూ. వేరేటోడు తీస్తే పగలగొడ్తడు. నేనైతే వంగకుండ తీస్త."

నాన్న బల్ల అంచున కూర్చుని కాక చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత లేచి, "పదండి," అన్నాడు.

వ్యానులో కాక తల చిన్నమ్మ ఒళ్ళో ఉంది. నేను ముందు కూర్చున్నాను, స్కాన్ కవరు పట్టుకుని. మలక్‌పేటలో రోడ్డు మూసేశారు. టైర్లు కాలుతున్నాయి. డప్పులు మోగుతున్నాయి. జెండాలు పట్టుకుని జనం అడ్డంగా కూర్చున్నారు. నాన్న వ్యాను ఆపాడు. ఏదైనా అంటే తన యాస బయటపడుతుందని కాబోలు, అద్దం కూడా దించలేదు.

చిన్నమ్మ కాక తలను మెల్లగా సీటు మీద పెట్టి దిగింది. పమిట సర్దుకుని నేరుగా వాళ్ళ మధ్యకు నడిచింది.

"కొడుకా, నా పెనిమిటికి కండ్ల ఇనుము గుచ్చుకున్నది. ఆలస్యమైతే కన్ను పోతదంట. జర తొవ్వ ఇయ్యండ్రి."

ఒకతను వచ్చి వ్యానులోకి తొంగిచూశాడు. కాక మొహం చూసి వెనక్కి తిరిగి కేకేశాడు. టైర్లు కర్రలతో పక్కకు నెట్టారు. కూర్చున్నవాళ్ళు లేచారు. అతను ఫోనులో ముందున్న చాదర్‌ఘాట్ వాళ్ళకు చెబుతూ వ్యాను పక్కన కొంతదూరం పరుగెత్తుకొచ్చాడు. "పోండ్రి సారూ, జల్ది పోండ్రి," అన్నాడు నాన్నతో. చాదర్‌ఘాట్ దగ్గర మేము చేరేసరికే దారి ఉంది.

మల్లికార్జునరావు గారు స్కాన్ చూశారు, కన్ను చూశారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఏ బాక్టీరియానో స్కాన్ చెప్పదు, లోపలి ద్రవం ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది. అప్పటిదాకా ఆగం. ఇప్పుడే శుభ్రం చేసి, లోపలికే మందు ఇచ్చి, ముక్క తీసేస్తాం. చూపు సంగతి మాట ఇవ్వలేను. కన్ను నిలపడానికి ప్రయత్నిస్తాను," అన్నారు.

సాయంత్రం దాకా పట్టింది. బయట నాన్న నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. చిన్నమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. డాక్టరు వచ్చి చిన్న సీసా చూపించారు. అందులో ఆవగింజలో సగం కూడా లేని నల్లటి ముక్క. దాన్ని చూసి చిన్నమ్మ, "గింతదా?" అంది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది.

మందు పనిచేసింది. చీము కరిగింది. ల్యాబ్‌లో తేలిన బాక్టీరియాకు సరిపోయే మందే మొదటి రోజు ఇచ్చారని చెప్పారు. కన్ను నిలిచింది. నాన్న రోజూ క్యారియరు పట్టుకెళ్ళేవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాష్ట్రం గురించి వాదించుకునేవారు. నర్సు వచ్చి గొంతు తగ్గించమనేది.

చూపు మాత్రం పూర్తిగా రాలేదు. పట్టీ తీశాక కాక గది నలుమూలలా చూశాడు. నా చున్నీ వైపు చూపించి, "పచ్చగున్నది," అన్నాడు. గోడ మీది కాగితం చూపిస్తే చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "రంగు తెలుస్తున్నది బిడ్డా. అక్షరం తెలుస్తలేదు."

కుడి కన్ను బాగానే ఉంది కదా, రాసుకోవచ్చని మేమంతా అనుకున్నాం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఒక కంటితో గోడ ఎంత దూరంలో ఉందో తెలియదు. కుంచె గాలిలోనే ఆగిపోయేది, లేదా అనుకున్న దానికంటే ముందే గోడకు తగిలి మరక పడేది. టీ గ్లాసు పట్టుకోబోతే చెయ్యి పక్కకు పోయేది. ఎల్‌బీ నగర్‌లో ఒక బడి గోడ మీద రాయడానికి ఒప్పుకుని, మొదటి వరుసలోనే మూడుసార్లు చెరిపి, నిచ్చెన దిగి కింద కూర్చున్నాడట. "ఇగ నాతోని గాదు, పోదాం పా," అన్నాడట చిన్నమ్మతో.

చిన్నమ్మ పోలేదు. సుద్ద రాసిన దారం ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస ఆయనకిచ్చింది. గీత కొట్టాక, "ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం, ఆగు," అని కింది నుంచి చెప్పింది. కొన్నాళ్ళకు కాక పెన్సిలుతో అక్షరం అంచు గీసి దిగితే, చిన్నమ్మ చీర ఎగదోపి నిచ్చెనెక్కి లోపల రంగు నింపడం మొదలుపెట్టింది. మార్కెట్లో పండ్లు ఏరిన చేతులు కదా, రంగు ఎక్కడా పొంగనిచ్చేది కాదు. ఆమెకు చదవడం రాదు. తను నింపుతున్నది ఏమిటో తెలియకుండానే బడి పేర్లు, దుకాణం పేర్లు, చర్చి గోడ మీది వాక్యాలు నింపింది.

రాష్ట్రం వచ్చిన వేసవిలో వాళ్ళిద్దరికీ తిండి తినే తీరిక లేదు. ప్రతి ఆఫీసు మీదా, ప్రతి బడి మీదా పేరు మార్చాలి. బడంగ్‌పేటలో ఒక బడి గోడ దగ్గర వాళ్ళను చూడటానికి వెళ్ళాను. చిన్నమ్మ మొహాన నీలం రంగు చుక్కలున్నాయి. నన్ను చూసి నిచ్చెన మీది నుంచే గోడ చూపించింది.

"గిది తెలంగాణ గదా మృదులా? 'తె' నాకు యాదికున్నది. యాడ జూసినా గుర్తుపడ్తున్న ఇప్పుడు."

కాక కింద కూర్చుని బీడీ కాలుస్తూ, "ఒక్క అక్షరానికే గింత గర్వమా?" అన్నాడు.

"ఒక్కటి గాదు. నాలుగు," అంది చిన్నమ్మ.

మా నాన్న ఆ సంవత్సరం మెస్సుకు మళ్ళీ సున్నం వేయించాడు. బోర్డు నడుమ ఖాళీని మాత్రం అలాగే ఉంచేశాడు. కొన్నేళ్ళకు మోకాళ్ళ నొప్పులతో మెస్సు మూసేశాడు. మెట్రో స్తంభాలు లేచాయి, సందులు గుర్తుపట్టలేనంత మారాయి. కోచింగ్ కుర్రాళ్ళు ఇప్పటికీ వస్తారు, చెప్పులు వేరే గుమ్మాల ముందు గుట్టపడతాయి.

కాక కుడి కంట్లో శుక్లం వచ్చిందని తెలిసినప్పుడు మేమంతా హడలిపోయాం. ఉన్నది ఆ ఒక్క కన్నే. ఆయన ఏడాది పాటు వాయిదా వేశాడు. మసకగా ఉన్నా పరవాలేదు, ఉన్నది పోతే ఎట్లా అనేవాడు. చివరికి ఎల్లమ్మ చిన్నమ్మే మా ఆసుపత్రికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆపరేషన్ సూర్యప్రభ మేడమ్ చేశారు. ఆ రాత్రి నాకూ నిద్ర లేదు.

పొద్దున పట్టీ విప్పాను. కాక రెప్పలు కొట్టి మొదట చిన్నమ్మను చూశాడు. తరవాత కిటికీలోంచి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం షట్టర్ వైపు చూపు నిలిపాడు. కిందటి నెల వాళ్ళిద్దరూ రాసిందే అది. అంచు ఆయన గీశాడు, రంగు ఆమె నింపింది. చాలాసేపు చూసి కనుబొమ్మలు ముడిచాడు.

"గిదేంది ఎల్లమ్మా? 'ణ' తోక గింత పొడుగు పెట్టినవు?"

"నువ్వు గీసిందే నింపిన. నీ కన్ను మసకైతే నేనేం జెయ్యాలె?"

"నేను గట్ల గియ్య."

"గీసినవ్."

నేను చుక్కల మందు సీసా పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళ పోట్లాట అయితే తప్ప ఆయన తల పైకెత్తేలా లేడు.